బంతి అందించినవాడి పేరు

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఆదివారం సాయంత్రం, ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం జీవితం మీద ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ గదిలో నలభై మందికి పైగానే ఉన్నారు. ఈ సమావేశం కబురు అందకముందు తులసీదాస్ బలరాం అన్న పేరు విన్నవారు మీలో ఎందరు? దయచేసి చేతులు ఎత్తండి. ఒకటి, రెండు, మూడు. మాస్టారూ, మీరు ఎత్తుతారని నాకు ముందే తెలుసు, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. అంటే ఇద్దరు. సరే, ధ్యాన్‌చంద్ పేరు విన్నవారు? చూశారా, అందరూ ఎత్తారు. ఎత్తనివారిని తప్పుపట్టడానికి నేను ఈ ప్రశ్న అడగలేదు. నేను రైల్వే జట్టులో పన్నెండేళ్ళు ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి, నాకే ఆ పేరు ఇరవై ఎనిమిదో ఏట గాని తెలియలేదు.

ఆయన రెండు ఒలింపిక్స్‌కు వెళ్ళిన మనిషి. 1956లో మెల్బోర్న్, 1960లో రోమ్. రెండు ఆసియా క్రీడలు ఆడిన మనిషి. 1958లో టోక్యో, 1962లో జకార్తా. జకార్తాలో మన దేశానికి ఫుట్‌బాల్‌లో బంగారు పతకం వచ్చింది. అది రెండోసారి. మొదటిది 1951లో ఢిల్లీలో వచ్చింది. మూడోది ఇప్పటిదాకా రాలేదు. మళ్ళీ చెబుతున్నాను, ఇప్పటిదాకా రాలేదు. ఆ చివరి బంగారు పతకం తెచ్చిన ముందువరుసలో ఎడమ పక్కన పరిగెత్తినవాడు బలరాం. 1936 అక్టోబరు 4న సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. నడుమ ఎనభై ఆరేళ్ళు. అందులో ఆయన పెద్ద ఆట ఆడింది ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళ గురించీ, మిగిలిన వాటి గురించీ ఈ సాయంత్రం మాట్లాడుకుందాం.

ఆయనను మనవాడు అనవచ్చునా అని ఒక మిత్రుడు ఇందాక గుమ్మం దగ్గర అడిగారు. మంచి ప్రశ్నే. పుట్టింది తమిళ కుటుంబంలో. తల్లిదండ్రులు పెట్టిన పేరు బలరామన్, చివరి 'న్' వాడుకలో ఎక్కడో రాలిపోయింది. పెరిగింది సికింద్రాబాదులో, పేరు తెచ్చుకున్నది బెంగాలులో, ఒంటరిగా ముసలివాడైంది హుగ్లీ నది ఒడ్డున. మరి మనవాడు ఎలా అవుతాడు? ఆయనకు ఆట నేర్పింది ఈ నేల. అంతకు మించి నేను వాదించను. ఎవరి సొత్తు అన్న తగువులో పడితే ఆటగాడు మరుగున పడిపోతాడు.

అమ్ముగూడ అప్పట్లో పల్లెటూరు. పక్కనే సైనికుల కంటోన్మెంటు. పాతవాళ్ళు లష్కర్ అంటారు గదా, ఆ లష్కర్ చుట్టుపక్కల పిల్లలకు ఫుట్‌బాల్ అబ్బడానికి కారణం ఆ సిపాయిల మైదానాలే. పటాలాలు సాయంత్రం పూట ఆడుకుంటుంటే గీత అవతల నిలబడి చూడటం, బయటికి వచ్చిన బంతిని ఒక్క తన్నుతో లోపలికి పంపి ఆ ఒక్క తన్నుకే మురిసిపోవడం. ఇక్కడ మన రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళకు ఆ మురిపెం వేరే చెప్పనక్కరలేదు. బలరాంది డబ్బు లేని ఇల్లు. కొడుకు చదువుకుని సర్కారు కొలువులో కుదురుకోవాలని తల్లి ఆశపడింది. ఆశపడని తల్లి ఎవరు? ఆటకు పోతే దెబ్బలు పడే ఇళ్ళలోనుంచే మన దేశపు ఆటగాళ్ళు చాలామంది వచ్చారు.

బూట్ల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మన దేశం 1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళినప్పుడు మనవాళ్ళలో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు, ఫ్రాన్సు చేతిలో 2-1 తేడాతో ఓడారు. ఆ ఓటమిని జనం ముచ్చటగానే చెప్పుకున్నారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినప్పుడు మాత్రం ముచ్చట మిగలలేదు. చలిలో, చిత్తడి గడ్డి మీద వట్టి కాలు నిలవదు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేశారు. మంచిదే చేశారు. అయితే బూట్లు లేని ఇంటి పిల్లవాడికి ఆ నియమం ఏమవుతుంది? మైదానం గేటుకు తాళం వేసినట్టు అవుతుంది. పోలీసులు వాడి పారేసిన బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడిని బతిమాలి, వాటిని ఆట బూట్లుగా కుట్టించుకున్నాడని బలరాం గురించి చెబుతారు. ఆ రోజుల్లో హైదరాబాదులో ఫుట్‌బాల్ అంటే పోలీసు జట్టే. ఆ పోలీసుల పాత తోలు తొడుక్కునే ఈ కుర్రవాడు ఆటలోకి వచ్చాడు.

ఇక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి చెప్పాలి. కొంచెం తీరికగానే చెబుతాను, ఎందుకంటే రహీం అర్థం కాకపోతే బలరాం అర్థం కాడు. రహీం 1909లో పుట్టాడు. వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడులలో పాఠాలు చెప్పినవాడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1963లో చనిపోయే వరకు, నడుమ కొద్ది విరామాలు తప్పిస్తే, దేశపు జట్టుకు కూడా ఆయనే గురువు. ఈమధ్య హిందీలో ఆయన మీద సినిమా వచ్చింది, చూసి ఉంటారు. అందులో ఏడిపించే ఘట్టాలు ఉన్నాయి. నేను చెప్పదలచింది ఏడుపు గురించి కాదు, పంతులు గారి పద్ధతి గురించి.

రహీం గారు పిల్లలకు రెండు రకాల పోటీలు పెట్టేవారు. ఒకటి, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ. బంతి కాలికి తగిలిందా, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. నీ దగ్గర ఉంచుకుని ముగ్గురిని తప్పించి చప్పట్లు కొట్టించుకుంటానంటే కుదరదు. రెండోది, చేతకాని కాలితో మాత్రమే ఆడే పోటీ. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఒక్కసారి ఆలోచించండి. మొదటి పోటీ ఏం నేర్పుతుంది? బంతి వచ్చేలోపే, ఎవరు ఎక్కడ ఉన్నారో తల ఎత్తి చూసుకోవడం నేర్పుతుంది. బంతి వచ్చాక చూడటానికి సమయం ఉండదు గదా. రెండోది ఏం నేర్పుతుంది? ఏ పక్కన నిలబెట్టినా ఆడటం నేర్పుతుంది. ఈ రెండూ కలిపితే ఎవరు తయారవుతారు? తనకోసం కాక పక్కవాడికోసం ఆడేవాడు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇమిడేవాడు తయారవుతాడు. అదే బలరాం. ఆయన సహజంగా ఆటగాడు, కాదనను. ఆయన ఆటకు ఆకారం ఇచ్చింది మాత్రం ఈ పంతులు గారి పోటీలే అని నా నమ్మకం.

హైదరాబాదు లీగులో ఆడుతున్న ఈ పల్లె కుర్రవాడు రహీం గారి కంట పడ్డాడు. ఫతే మైదానంలో శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ ఎక్కడ, ఫతే మైదానం ఎక్కడ! రోజూ రానూపోనూ బస్సు ఛార్జీలకు డబ్బులు లేవని కుర్రవాడు చెబితే, అద్దె సైకిలు తీసుకుని రమ్మని రహీం గారు రోజుకు ఒక రూపాయి ఇచ్చారట. ఇది హైదరాబాదు పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే మాట. అద్దె సైకిలు అంటే ఇక్కడ కూర్చున్న పిల్లలకు తెలియదు. గంటకు ఇంత అని పుస్తకంలో రాసుకుని సైకిలు ఇచ్చే కొట్లు మన సత్యనారాయణపురంలోనూ ఉండేవి. ఆ రూపాయి అనవసరపు ఖర్చేమో అని ఎవరైనా పంతులు గారిని అడిగి ఉంటే ఏం చెప్పేవారో!

1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాదు జట్టు, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ రెండు జట్లలోనూ బలరాం ఉన్నాడు. 1956లోనే, ఇరవై ఏళ్ళ వయసులో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో చోటు దొరికింది. మెల్బోర్న్ సంగతి మీకు తెలియాలి. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2 తేడాతో మనవాళ్ళు ఓడించారు, నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ సెమీఫైనల్లో ఎదురైంది నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు కొట్టిన యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు మనమే కొట్టాం. తరువాత 4-1 తేడాతో ఓడాం, అది వేరే సంగతి. చివరికి నాలుగో స్థానం. పది గోళ్ళ ఓటమినుంచి ఒలింపిక్ నాలుగో స్థానానికి రావడానికి పట్టింది నాలుగే నాలుగేళ్ళు. మధ్యలో జరిగిన మార్పు ఏమిటి? బూట్లు వచ్చాయి, రహీం గారి పాఠాలు వచ్చాయి. హైదరాబాదు మైదానాలలో తయారైన వాళ్ళే ఆ జట్టులో పలువురు ఉన్నారన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఎక్కడైనా చదివారా?

1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. సికింద్రాబాదు నుంచి హౌరాకు మన బెజవాడ, వాల్తేరుల మీదుగా ఒక దారి ఉంది గదా, ఆయన రైలు ఎన్నిసార్లు మన ప్లాట్‌ఫారం మీద ఆగిందో, ఇక్కడి టీ ఎన్నిసార్లు తాగాడో అని నేను ఊహించుకుంటూ ఉంటాను. ఊహే, రుజువేమీ లేదు. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టిన క్లబ్బు. దేశ విభజనలో ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకుని తూర్పు బెంగాలునుంచి కలకత్తా చేరినవాళ్ళకు అది క్లబ్బు మాత్రమే కాదు, పోయిన ఊరు. ఆ క్లబ్బు గెలిస్తే ఆ ఇళ్ళలో ఇలిశ చేప వండుతారు. ఇలిశ అంటే ఏమిటనుకున్నారు? మన గోదావరివాళ్ళ పులసే. ఎదుటి జట్టు మోహన్ బగాన్ గెలిస్తే వాళ్ళ ఇళ్ళలో రొయ్యలు. బజారులో చేపల ధర చూసి నిన్నటి ఆటలో ఎవరు గెలిచారో చెప్పవచ్చునని బెంగాలీవాళ్ళు సరదాగా అంటారు. బలరాం రాకముందు ఆ క్లబ్బుకు అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురి ముందువరుస ఉండేది. పంచపాండవులు అని పిలిచేవారు. వాళ్ళ తరువాత వచ్చినవాడికి ఎంత బరువు మోయవలసి ఉంటుందో మీరే ఊహించండి.

ఈస్ట్ బెంగాల్ 1952లో కలకత్తా లీగు గెలిచింది. ఆ తరువాత తొమ్మిదేళ్ళ పాటు లేదు. 1961లో బలరాం కెప్టెను. ఆ ఏడు లీగు వచ్చింది. లీగు మొత్తంలో అందరికంటే ఎక్కువ గోళ్ళు కొట్టింది కూడా ఆయనే, ఇరవై మూడు గోళ్ళు. ఇప్పుడు ఒక సందేహం రావాలి మీకు. ఇంత సేపూ 'బంతి అందించేవాడు' అని చెప్పి, ఇప్పుడు అందరికంటే ఎక్కువ గోళ్ళు కొట్టాడంటాడేమిటి అని. వచ్చిందా సందేహం? రావాలి. అక్కడే ఉంది అసలు విషయం. క్లబ్బుకు గోళ్ళు కావాలి, కొట్టాడు. దేశానికి వేరే పని కావాలి, ఆ పని చేశాడు. కొట్టడం చేతకానివాడు బంతి అందిస్తే గొప్పేముంది? చేతనైనవాడు అందించాడు.

ఈ మాటను కొంచెం విడమరచి చెబుతాను. అప్పటి ఆటలో ముందువరుసలో ఐదుగురు ఉండేవారు. రైట్ అవుట్, ఇన్‌సైడ్ రైట్, సెంటర్ ఫార్వర్డ్, ఇన్‌సైడ్ లెఫ్ట్, లెఫ్ట్ అవుట్. మధ్య ముగ్గురికీ గోలు దగ్గర. చివర్లలో గీత పట్టుకుని పరిగెత్తే ఇద్దరికీ గోలు దూరం. వాళ్ళ పని పక్కనుంచి దూసుకుపోయి మధ్యలోకి బంతి ఇవ్వడం. మన జట్టులో రైట్ అవుట్ ప్రదీప్ కుమార్ బెనర్జీ, జనం పీకే అనేవారు. ఇన్‌సైడ్ లెఫ్ట్ చునీ గోస్వామి. బలరాంకు కూడా ఇన్‌సైడ్ ఆట తెలుసు, బాగా తెలుసు. అయితే ఒక్క కుర్చీలో ఇద్దరు కూర్చోలేరు. అందుకని జాతీయ జట్టులో బలరాం ఎడమ గీత వైపు జరిగాడు. జరిగి, అక్కడినుంచి బంతులు అందించాడు. మన తెలుగులో ఒక సామెత ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు అని. చునీ, పీకే ఏ బంతిలో కూర్చున్నా విస్తరి నిండింది, ఎందుకంటే వడ్డించేవాడు బలరాం. మరి వడ్డించినవాడు ఎప్పుడు తిన్నాడు, ఏం తిన్నాడు అని పెళ్ళివారు ఎప్పుడైనా అడుగుతారా?

ఆ కాలపు పత్రికలు తిరగేయండి. గోలు కొట్టినవాడి పేరు, ఎన్నో నిమిషంలో కొట్టాడో ఉంటాయి. బంతి ఎవరు ఇచ్చారో పట్టికలో ఉండదు. ఇప్పుడైతే దానికి అసిస్ట్ అని పేరు పెట్టి లెక్క కడుతున్నారు. అప్పుడు లేదు. అందుచేత బలరాం గొప్పతనంలో సగం అసలు ఎక్కడా రాసి లేదు. చూసినవాళ్ళ కళ్ళలో ఉండేది, వాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

రోమ్ సంగతికి వస్తాను. 1960 ఆగస్టు. మన వంతుకు వచ్చిన జట్లు ఏవి? హంగరీ, ఫ్రాన్సు, పెరూ. హంగరీ జట్టులో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఏడేళ్ళ తరువాత యూరప్‌లో ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నికైనవాడు అతడే. ఆ హంగరీతో మనం 2-1 తేడాతో ఓడాం. మన ఒక్క గోలూ బలరాందే, 79వ నిమిషంలో. ఫ్రాన్సుతో 1-1, పీకే గోలు కొట్టాడు, చివరి పది నిమిషాలలో వాళ్ళు సమం చేశారు. వట్టి కాళ్ళతో ఆడిన 1948లో మనలను ఓడించిన ఫ్రాన్సే ఇది. పెరూతో 3-1 తేడాతో ఓడాం, ఆ ఒక్క గోలూ మళ్ళీ బలరాందే. మూడు ఆటలలో మన జట్టు కొట్టినవి మూడు గోళ్ళు, అందులో రెండు ఎడమ గీత పక్కన ఉండవలసినవాడివి. ఇంటికి తిరిగి వచ్చాక ఓడిన జట్టు అన్నారు. ఓడిందే. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కంచు పతకం తీసుకుపోయింది. దానితో ఒక్క గోలు తేడాతో ఓడటాన్ని ఏ పుస్తకంలో ఏ వరుసలో రాయాలో మీరే చెప్పండి.

ఇక జకార్తా. 1962. ఆసియా క్రీడలకు ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదు. అప్పుడు మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ, అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనడం తగదన్నారు. మాట న్యాయమైనదే కావచ్చు. దాని ఫలితం మాత్రం అక్కడ ఉన్న మన ఆటగాళ్ళ మీద పడింది. మన రాయబార కార్యాలయం మీదకు జనం దండెత్తారు. మైదానంలో మన జెండా కనబడితే కేకలు, మన జాతీయగీతం వినబడితే ఈలలు. ఒకవైపు అది. మరొకవైపు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓటమి. ఆ తరువాత థాయిలాండ్ మీద 4-1 గెలుపు, ఆ ఆటలోనే ఫుల్ బ్యాక్, అంటే వెనక కాపు కాసే ఆటగాడు, జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0, ఒక గోలు పీకేది, రెండోది బలరాంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2.

ఫైనల్ 1962 సెప్టెంబరు 4న. ఎదురుగా అదే దక్షిణ కొరియా. స్టేడియంలో లక్ష మంది అంటారు, అందులో మనవైపు అరిచేవారు ఎందరో వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. మన హాకీ జట్టుకు బద్ధశత్రువైన పాకిస్తాన్ హాకీ జట్టే వచ్చి మన ఫుట్‌బాల్ జట్టును ఉత్సాహపరిచిందని ఆ రోజు ఆడినవాళ్ళు తరువాత చెప్పుకున్నారు. ముందురోజు రాత్రి రహీం గారు ఆటగాళ్ళను కూర్చోబెట్టి తనకు ఒక కానుక కావాలని, రేపు బంగారు పతకం గెలిచి ఇవ్వమని అడిగారట. అప్పటికే ఆయన ఊపిరితిత్తులను క్యాన్సరు తినేస్తోంది. తలకు కుట్లు ఉన్న జర్నైల్ సింగ్‌ను వెనకనుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టడం ఆ పంతులు గారి చివరి పెద్ద ఎత్తు. పీకే ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1. మనం గెలిచాం. రహీం గారు మరుసటి ఏడు జూన్ 11న హైదరాబాదులో పోయారు. ఆయనతో మన ఫుట్‌బాల్ కూడా సమాధి అయిందని కొందరు అంటారు. నేను అంత దూరం వెళ్ళను. ఆ తరువాత కూడా 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది, 1970 ఆసియా క్రీడలలో మనకు కంచు వచ్చింది. తరువాత మాత్రం, అవును, చెప్పుకోదగ్గది తక్కువ.

ఫైనల్లో బలరాం గోలు కొట్టలేదు గదా అని మీరు అడగవచ్చు. కొట్టలేదు. స్కోరు పట్టికలో పేరు లేదు. ఆ మాటకు జవాబు ఇందాక చెప్పాను, మళ్ళీ చెప్పను.

ఆ ఏడే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడు, 1963లో, ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు, అంటే బి.ఎన్.ఆర్.కు వెళ్ళాడు. రైల్వే ఉద్యోగం. తల్లి కోరిన సర్కారు కొలువు అలా వచ్చిందన్నమాట. మన వాల్తేరు దాకా ఒకప్పుడు బి.ఎన్.ఆర్. పట్టాలే ఉండేవి, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. నేను డివిజను జట్టుతో ఒకసారి ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు అక్కడి తెలుగు కుటుంబంలోని ఒక పెద్దాయన భోజనానికి పిలిచి, గోడమీద పసుపుబారిన ఒక పత్రిక ముక్క చూపించి, ఈయన మన రైల్వేలోనే ఉన్నాడు తెలుసా అని అడిగాడు. నాకు తెలియదు. అప్పుడు నా వయసు ఇరవై ఎనిమిది. మొదట్లో చెప్పానే, ఆ ఇరవై ఎనిమిదో ఏడు అదే. ఆ పెద్దాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

సరిగ్గా ఆ వయసుకు ఒక ఏడాది ముందే, ఇరవై ఏడో ఏట, బలరాం ఆట ముగిసింది. ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చింది. ప్లూరిసీ అంటారు. ఊపిరి తీస్తే పక్కలో పొడిచినట్టు ఉంటుంది. గీత పట్టుకుని పరిగెత్తేవాడికి ఊపిరే పెట్టుబడి. వైద్యులు ఆట మానమన్నారు. మానాడు. ఇరవై ఏడు ఏళ్ళంటే ఆటగాడికి చేవ తేలే వయసు. చునీ కూడా దేశపు జట్టుకు ఆడటం ముప్ఫై నిండకముందే మానాడనుకోండి, కానీ అది ఆయన తానుగా తీసుకున్న నిర్ణయం. తానుగా మానడం వేరు, ఊపిరి ఆడక మానడం వేరు.

ఇక్కడ నా సంగతి ఒక్క నిమిషం చెబుతాను, పోలిక అనుకోవద్దు, నా స్థాయి ఎంత, ఆయన స్థాయి ఎంత. నాకు ముప్ఫై మూడో ఏట మోకాలు తిరిగింది. నెల రోజుల తరువాత కర్ర పట్టుకుని సాయంత్రం రైల్వే మైదానానికి వెళ్ళాను. నేను ఆడే చోట, లెఫ్ట్ బ్యాక్‌లో, ఒక కొత్త కుర్రవాడు ఆడుతున్నాడు. బాగానే ఆడుతున్నాడు. అందరూ పలకరించారు, టీ ఇప్పించారు, ఆట మొదలవగానే ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు. గీత ఇవతల నేను ఒక్కణ్ణే మిగిలాను. ఆ సాయంత్రం నాకు తెలిసింది, ఆట మానడమంటే ఒక అలవాటు మానడం కాదని, సాయంత్రం ఐదు గంటలకు ఎక్కడ ఉండాలో తెలియకపోవడమని. నాకు ఇల్లుంది, పిల్లలున్నారు, గుడ్స్ రైళ్ళ డ్యూటీ ఉంది. బలరాం పెళ్ళి చేసుకోలేదు. ఆయనకు అలాంటి సాయంత్రాలు 1963 నుంచి 2023 దాకా, అరవై ఏళ్ళు.

ఆ అరవై ఏళ్ళూ ఖాళీగా కూర్చున్నాడనుకోకండి. ఉద్యోగం చేశాడు, కుర్రవాళ్ళకు ఆట నేర్పాడు. కలకత్తాకు ఎగువన ఉత్తరపారాలో హుగ్లీ నది కనబడే ఒక ఫ్లాటులో ఒంటరిగా ఉండేవాడు. సికింద్రాబాదుకు తిరిగి రాలేదు. మనసులో నొప్పి ఉండేది, దాచుకోలేదు కూడా. తాను పేరు తెచ్చిపెట్టిన క్లబ్బు మీద చివరిదాకా కినుక పోలేదు. దాని తప్పొప్పులు ఇక్కడ కూర్చుని తేల్చే అధికారం నాకు లేదు. పద్మశ్రీ చునీకి 1983లో వచ్చింది, పీకేకు 1990లో వచ్చింది. ముగ్గురినీ కలిపి త్రిమూర్తులు అనేవారు గదా, మూడో మూర్తికి రాలేదు. బతికినన్నాళ్ళూ రాలేదు. 2020 మార్చిలో పీకే పోయారు, ఏప్రిల్‌లో చునీ పోయారు. చునీ పోయేనాటికి దేశంలో అందరూ తలుపులు వేసుకుని ఉన్న రోజులు. త్రిమూర్తులలో మిగిలినవాడు ఆ ఫ్లాటులో ఆ రెండు కబుర్లూ ఒంటరిగానే విని ఉంటాడు. ఆ తరువాత మూడేళ్ళకు తానూ వెళ్ళిపోయాడు.

బిరుదు రానందుకు ఆయన బాధపడటం తప్పా అని ఒకరు నన్ను అడిగారు. గొప్పవాళ్ళు ఇలాంటివి పట్టించుకోకూడదు గదా అన్నారు. ఎందుకు పట్టించుకోకూడదు? మనం రిటైరయ్యాక పెన్షనులో పది రూపాయలు తేడా వస్తే ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతాం? ఇక్కడ పెన్షనర్లు చాలామంది ఉన్నారు, నవ్వకండి, నేనూ తిరిగాను. చేసిన పనికి లెక్క సరిగా రాయమని అడగడం దురాశ కాదు. ఆయన అడిగిందల్లా ఆ లెక్కే.

నేను ఎక్కువ సేపు తీసుకున్నాను, వెనకనుంచి గడియారం చూపిస్తున్నారు. ఒక్క విన్నపం చేసి కూర్చుంటాను. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు రైల్వే మైదానంలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఒక పోటీ పెడుతున్నాం. రహీం గారి నియమమే. డ్రిబ్లింగ్ లేదు, బంతి అందగానే ఇచ్చెయ్యాలి. నాలుగు జట్లు కుదిరాయి. బూట్లు లేని పిల్లలు ఉంటే ముందుగా నాకు చెప్పండి, పాతవి పది జతలు పోగుచేసి పెట్టాం, కొలతలు చూసి ఇస్తాం. లెక్క రాయడానికి మాకు ఇద్దరు మనుషులు కావాలి. గోలు కొట్టినవాడి పేరు ఒకరు రాస్తారు, దానికి మనిషి దొరికాడు. బంతి ఇచ్చినవాడి పేరు రాయడానికి ఇంకొకరు కావాలి. ఆ పని కొంచెం కష్టం, ఆట మీదనుంచి కన్ను తిప్పకూడదు. మాస్టారూ, మీరు వస్తారా? పుస్తకం నేను తెస్తాను, పెన్ను మీరు తెచ్చుకోండి.